ఒక్కడి మేళం

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఏడు, ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తేవారు కాదు. నేను బెంగపడతానని పెద్దవాళ్లు అనుకున్నారు. నేను అడిగితే తాత ఏడుస్తాడని నేను అనుకున్నాను. అమ్మ ఆయనకు ఒక్కతే కూతురు. ఆమె చీరలు కూడా ఎవరికో ఇచ్చేశారు.

తమిళుల మాసి నెలలో జరిగే తిరునాళ్లకు తాత నన్ను మా పాపిరెడ్డిపట్టి నుంచి తీర్థమలైకి తీసుకువెళ్లాడు. కొండమీది తీర్థంలో స్నానం చేసి దిగి వచ్చేసరికి మెట్ల కింద జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక మనిషి, ఒళ్లో హార్మోనియం పెట్టుకుని తమిళ పాటలు పాడుతున్నాడు. ఒక కాలికి కట్టిన తాడు లాగితే వీపు మీది డోలు మోగుతుంది. రెండో కాలికి గజ్జెలు. ఒక్కడే అంత మేళం చేస్తుంటే చూసి, అమ్మ పోయాక మొదటిసారి నవ్వాను.

పాట నడుమ ఉన్నట్టుండి ఆయన గొంతూ హార్మోనియమూ ఆగిపోయాయి. డోలు, గజ్జెలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. ఒక చరణమంత సేపు అలా గడిచాక మళ్లీ పాట అందుకున్నాడు. మరిచిపోయాడని జనం నవ్వారు. తరువాతి పాటలోనూ అదే జరిగింది.

జనం పలచబడ్డాక, ఎందుకు ఆపుతున్నాడని తాతను అడిగాను. మన తెలుగు మాట విని ఆయన మమ్మల్ని దగ్గరికి పిలిచాడు. ఆయనా తెలుగువాడే, వాళ్లది ఏరియూరు పక్క పల్లెట. ఒకప్పుడు ముగ్గురు కలిసి పాడేవారట. డోలు తమ్ముడిది, గజ్జెలు భార్యవి. ఒకే వానాకాలంలో జ్వరాలొచ్చి ఇద్దరూ పోయారు. ఆ వాద్యాలు మూలన పడి ఉంటే చూడలేక తన ఒంటికే కట్టుకున్నాడట.

"రెండో చరణం ఆమెది పాపా. డోలు నేర్చుకుంటిని, గజ్జెలు కట్టుకుంటిని. ఆమె గొంతు నాకు యాడ వస్తుంది? దాన్ని అట్లే విడిచిపెడతా."

తరువాత మా అమ్మ రాలేదా అని అడిగాడు. పోయిందని తాత మెల్లగా చెప్పాడు. అక్కడితో ఎవరైనా మాట మార్చేస్తారు. ఆయన మార్చలేదు.

"ఎట్లుండేది మీ అమ్మ?"

అంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు. వేయించిన వేరుశనగల పొట్టు నా ముఖం మీదికి ఊదేదని, నవ్వితే చేత్తో నోరు మూసుకునేదని చెప్పాను. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఊరడించలేదు, ఊరికే కూర్చున్నాడు. తాత కొండవైపు తిరిగి, "చిన్నప్పుడు గూడ అట్లే నవ్వుతా ఉండె" అన్నాడు. తిరుగు బస్సులో ఊరు వచ్చేదాకా, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ, నాకు తెలియని అమ్మను గురించి చెబుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడు తిరునాళ్లలో ఆ పాటగాడి కోసం వెతికాం. కనబడలేదు. ఏమైపోయాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎవరింట్లో ఎవరు పోయినా, ధైర్యంగా ఉండమని నేను చెప్పను. పక్కన కూర్చుని, పోయినవాళ్లు ఎలా ఉండేవారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. చాలామంది చెబుతారు. పోయిన ఏడు మా ఆయన పోయినప్పుడు, నన్ను కూడా ఎవరైనా అలా అడుగుతారేమోనని చాలా రోజులు ఎదురుచూశాను.