జమ్మి సంచితో తాత ఫ్యాక్టరీకి వచ్చిన దసరా

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు వేలాడితే చాలు, పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీని నేనే నడుపుతున్నానన్నంత గర్వంగా ఉండేది. (నిజానికి నా పని డ్రమ్ములకు లేబుళ్లు అంటించడం, అదీ ట్రైనీగా.) ఈ మధ్యే మా తాత పోయాడు. పదకొండో రోజు భోజనాల దగ్గర ఆయన చేష్టలు తలుచుకుని అందరూ నవ్వుతుంటే నాకు ఆ దసరా గుర్తొచ్చింది. ఆ కథ మాత్రం నోరు దాటి రాలేదు.

ఆ ఏడు పండగ పూటే నాకు సెకండ్ షిఫ్ట్ పడింది. మర్నాడు తనిఖీ. మా మేనేజర్ గారిది కోస్తా వైపు, నిమిషం తేడా వచ్చినా ఊరుకోని మనిషి. "బ్లాకులో చెత్త కనిపించిందో, పర్మనెంటు సంగతి మర్చిపోవయ్యా" అని షిఫ్ట్ మొదట్లోనే చెప్పేశారు. మా ఇంట్లో పొలం దాటి ఉద్యోగానికొచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ మాట విన్నాక నేల మీద కాగితం ముక్క కనిపించినా ఏరి జేబులో వేసుకున్నాను.

మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పాత కోపాలు మరిచి కౌగిలించుకుంటారు. చిన్నవాళ్లే పెద్దల దగ్గరికి వెళ్లాలి. నేను వెళ్లలేదు కాబట్టి, గుమ్మడిదల దగ్గరి మా ఊరి నుంచి తాతే సంచినిండా జమ్మి నింపుకుని ఎవరిదో బండెక్కి వచ్చేశాడు. ముందు గేటు దగ్గర బీహారీ సెక్యూరిటీని కౌగిలించుకున్నాడు. అతను మారుమాట లేకుండా గేటు తీశాడు. (రిజిస్టరులో తాతను ఏమని రాసుకున్నాడో నాకిప్పటికీ తెలియదు.) తర్వాత లోడింగు కూలీలు, క్యాంటీన్ వంటమనిషి, లారీ డ్రైవర్లు. సంగతి తెలిసి నేను ఒంటి మీది తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చేసరికి, బ్లాకు మెట్ల మీద మేనేజర్ గారు తాత చేతుల్లో ఉన్నారు. ఆయన తెల్లకోటు నిండా ఆకులు.

"నువ్వే గదా సారూ, మా పిలగాని పెద్దసారువి? వీడు రోజు ఇంటికాడ నిన్ను తిడ్తడు. గడియారం మింగినోడంటడు. నేను వద్దంటనే ఉన్న. ఇగ పండుగ పూట కోపాలుండొద్దు. వీన్ని జెర సూస్కో."

 మేనేజర్ గారు నన్నొకసారి ఎగాదిగా చూసి, "మరి నేను గంటలు కూడా కొడతానన్న సంగతి చెప్పాడాండీ?" అని తాతనడిగారు. ఒక ఆకు తీసి జేబులో పెట్టుకున్నారు. వంగి తాత కాళ్లకు దణ్ణం పెట్టి, "కోటు మార్చుకొస్తాను. ఈలోపు ఆ మెట్లు శుభ్రం చేయించు" అని నాతో అని లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు తాత నా వైపు చేతులు చాచాడు. "రా బిడ్డా."

నేను ఒకడుగు వెనక్కి వేశాను. "వద్దు తాతా, కోటు ఖరాబైతది. నువ్వు జల్దీ పో."

"మంచిది బిడ్డా, డ్యూటీ సేస్కో," అన్నాడు తాత. నొచ్చుకున్నట్టు కనిపించలేదు. (నొచ్చుకున్నా చూపించే మనిషి కాదు.) ఖాళీ సంచి భుజాన వేసుకుని, దారిలో కనిపించినవాళ్లనల్లా మళ్లీ పలకరిస్తూ వెళ్లిపోయాడు.

తనిఖీ గడిచింది, ఉద్యోగం పర్మనెంటయింది. తర్వాత ఎన్నో దసరాలకు తాతను కౌగిలించుకున్నాను. ఆ సాయంత్రం సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ షిఫ్టు మొత్తంలో ఆయన కౌగిలి దక్కనివాణ్ణి సొంత మనవణ్ణయిన నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. ఆ కోట్లు కంపెనీవాళ్లే రోజూ ఉతికించి ఇచ్చేవారు.