కొబ్బరికాయ కుస్తీ

మొగులప్పకు షుగర్ చెప్పాపెట్టకుండా వచ్చింది. వచ్చింది ఊరికే ఉందా? కుడికాలి చిటికెన వేలు కోయించి పట్టుకుపోయింది, అరికాళ్లకు తిమ్మిరి అంటగట్టింది. నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర తన పంక్చర్ దుకాణంలో తిరుగుతుంటే కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలిసేది కాదు. జాతర కుస్తీల్లో మూడుసార్లు వెండి కడియం గెలిచిన పహిల్వాన్, మూడేళ్లుగా గోదాలో దిగలేదు. కనపడ్డవాళ్లంతా ‘అయ్యో పాపం’ అనేవారు. షుగర్ కన్నా ఆ పాపమే అతన్ని ఎక్కువ కుట్టేది.

దవాఖానలో డాక్టరు ఒళ్లు వంచమన్నాడు, చెమట పట్టించమన్నాడు, కాలికి గాయం మాత్రం కానివ్వొద్దన్నాడు. మొగులప్ప మొదటి రెండు మాటలే చెవిన వేసుకుని, బీరువాలోంచి లంగోటా తీశాడు.

“రాయి గుచ్చితె తెలుస్తదా నీకు?” అంది భార్య భీమమ్మ.

“తెల్వది.”

“మరెట్ల?”

దానికి జవాబు ఆమే వెతికింది. మర్నాడు జొన్నల జల్లెడ చంకన పెట్టుకుని గోదా గట్టు మీద కూర్చుంది. మొగులప్ప మన్ను తవ్వి గంపలకెత్తాడు, ఆమె జల్లించింది. ఎనిమిది రోజులు. “రొట్టెలు చేస్తవా ఏంది వదినె?” అని మల్లేష్ నవ్వాడు. మొగులప్ప దగ్గరే పట్లు నేర్చుకున్నవాడు. “నీకే పెడత, ఆగు” అంది భీమమ్మ, తల ఎత్తకుండానే.

నాలుగు నెలలు సాధన చేశాడు. కాళ్లు చెప్పని సంగతి నడుము చెప్పడం నేర్చుకుంది.

ఆ ఊరి జాతర కుస్తీల బహుమతులు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగుస్తాయి. కొబ్బరికాయ కుస్తీ కొత్తవాళ్లది. మొగులప్ప దానికే పేరిచ్చాడు. కడియం తొడిగిన చేయి కొబ్బరికాయకు చాపుతుందా అని నవ్వినవాళ్లు నవ్వారు. “మొదటి నుంచి మొదలు పెడుతున్న, తప్పా?” అన్నాడు.

ఎదురుగా మల్లేష్ దిగాడు. జబ్బలు చరిచారు. మొగులప్ప ఇలా నడుం పట్టాడో లేదో మల్లేష్ అలా వెల్లకిలా పడ్డాడు. జనం ఈలలు వేశారు. పెద్ద వస్తాదు దేవప్ప కొబ్బరికాయ తెచ్చి మొగులప్ప చేతిలో పెట్టాడు.

మొగులప్పకు మోసం తెలిసిపోయింది. ఎత్తేస్తే పడినవాడు బరువుగా పడతాడు. తనంతట తాను పడేవాడు ముందు చెయ్యి ఆనించుకుంటాడు. మల్లేష్ చెయ్యి ఆనించుకున్నాడు.

“గిది నాకొద్దు.” కొబ్బరికాయ తిరిగి ఇచ్చేశాడు. “మల్లేష్, నువ్వు నాకు పడ్డవా, నా షుగర్‌కు పడ్డవా?”

మల్లేష్ తల వంచుకున్నాడు. “కాలికి దెబ్బ తాకుతదేమో అన్నా. వదినె నన్ను బతకనిస్తదా?”

ఆడవాళ్లు నిలబడ్డ వైపు నుంచి భీమమ్మ గొంతు లేచింది. “మన్ను నేను జల్లించిన. అండ్ల ఒక్క రాయి లేదు. సక్కగ పట్టురా!”

ఈసారి మల్లేష్ సక్కగానే పట్టాడు. మెడ మీద చెయ్యి పడింది, పక్కటెముకలు కరకరలాడాయి. మొగులప్ప రెండుసార్లు తప్పించుకున్నాడు, ఒకసారి మల్లేష్‌ను మోకాళ్ల మీద కూలేశాడు. మూడోసారి తన కాళ్లు నేల వదిలాయి. వెన్ను మన్నుకు తగిలి ధబ్బుమంది. ఊపిరి ఎగిరిపోతుంటే పైకి చూసి పగలబడి నవ్వాడు. మూడేళ్లలో అతన్ని మనిషిగా లెక్కపెట్టి కింద పడేసినవాడు మల్లేష్ ఒక్కడే. ఆ సంతోషం ముందు కడియాలు ఏపాటి?

ఇంటికొచ్చాక భీమమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని వేలు వేలు విడదీసి చూసింది. ఒక్క గీత లేదు.

“చేతికొచ్చిన కొబ్బరికాయ పోగొట్టినవ్. చట్నీ అన్న అయితుండె” అని దెప్పింది.

“వచ్చే ఏడు తెస్త.”

భీమమ్మ జల్లెడను వంటింట్లోకి తీసుకుపోకుండా, వాకిట్లో అతని లంగోటా పక్కన మేకుకు తగిలించింది.