చిట్టియ్య బాబాయి ఆపని ఇంజను

మా వీధిలో కోళ్ళకంటే ముందు చిట్టియ్య బాబాయి కారు లేచేది. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా సరే, తెల్లవారగానే షెడ్డు తలుపు తీసి, ఆ నల్ల ఫియట్‌ని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి చెవి పెట్టి నిలబడేవాడు. కాసేపు విని, తృప్తి లేక ఆపేసి, మళ్ళీ స్టార్ట్ చేసి మళ్ళీ వినేవాడు. మాది పక్కిల్లు. ఆ పొగంతా మా వంటింట్లోకే వచ్చేది.

"బాబాయ్ గారూ, మీ కారు బతికే ఉందండీ! మమ్మల్ని కూడా కాస్త బతకనివ్వండి!" అని మా వదిన దుర్గాశ్రీ కిటికీలోంచి అరిచేది.

"ఆయ్, అయిపోయిందమ్మా, అయిపోయింది," అనేవాడు గాని, అప్పుడే అయ్యేది కాదు.

మాది కడియం పక్క ఊరు. నాకు ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయాక వదినతోపాటు మా నర్సరీలో మొక్కల కవర్లలో మట్టి నింపడం, మొక్కలు సర్దడం చేసేదాన్ని. అన్నయ్య మొక్కల లారీల వెంట ఊళ్ళు తిరిగేవాడు. నూట ఎనిమిది అంబులెన్సు బళ్ళు ఇంకా రాని రోజులవి. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా రాజమండ్రి ఆసుపత్రికి చేర్చేది ఆ ఫియట్టే. వెనక సీటులో మనిషిని పడుకోబెట్టుకుని, కాలవగట్టు గుంతల్లో కుదుపు తెలియకుండా నడపడం బాబాయికి బాగా అలవాటు.

అందరూ ఆయనకి ఆ కారంటే ప్రేమ అనుకునేవారు. నాకు మాత్రం ఆయన దాన్ని చూసే చూపులో భయం కనబడేది. అది ఎప్పుడు పట్టుకుందో వాళ్ళమ్మ అచ్చాయమ్మ మామ్మ ఒకసారి చెప్పింది.

చినబాబు అని, అరటి గెలల వ్యాపారం చేసే ఆయన, బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. బాబాయి కారులో వేసుకుని బయల్దేరాడు. కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి జోరువానలో ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికి చిన్న ఇనప ముక్కలు రెండు ఒకదాన్నొకటి తాకి విడిపోతూ ఉండాలట. వాటిని పాయింట్లంటారు. అవి తడిసినా, మసి పట్టినా బండి కదలదు. బాబాయి వానలో తలమీద గోనె కప్పుకుని మూత తీసి, తువ్వాలుతో తుడిచి, గరుకు కాగితంతో పాయింట్లు రుద్ది, మళ్ళీ బిగించాడు. ఇంజను అందుకుంది.

"స్టార్టయిందిరా చినబాబూ!" అని సంతోషంగా వెనక్కి తిరిగాడు.

చినబాబు పలకలేదు.

"కారు ఆగకపోయినా దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడే. వాళ్ళావిడ కూడా ఒక్క మాట అనలేదు," అంది మామ్మ. "అదే వీడికి చేటయింది. ఎవరో ఒకరు తిట్టుంటే తేరుకునేవాడు."

అప్పటినుంచి బాబాయి చొక్కా జేబులో గరుకు కాగితం ముక్క ఎప్పుడూ ఉండేది. కారులో రోగి ఉంటే ఇంజను ఆపేవాడు కాదు. రైలు గేటు దగ్గర ఆపేవాడు కాదు. పెట్రోలు బంకులో ఆపమంటే వాళ్ళతో గొడవపడేవాడు. నడుపుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. అద్దం కూడా పైకి తిప్పేసుకునేవాడు. "మాట్లాడించండి, మాట్లాడించండి," అని మాత్రం రోగి పక్కన కూర్చున్నవాళ్ళని వేధించేవాడు.

ఆ ఏడాది మార్గశిరంలో, రాజమండ్రి మెకానిక్ సుధాకర్ మద్రాసునుంచి ఒక సామాను తెప్పించాడు. పాత కార్లలో పాయింట్లు తీసేసి దాన్ని బిగిస్తే తడికీ మసికీ ఇబ్బంది ఉండదని బాబాయిని ఎన్నాళ్ళుగానో ఒప్పించాలని చూస్తున్నాడు. ఒక సాయంత్రం స్కూటరు మీద వచ్చి పని మొదలుపెట్టాడు. నేను మా పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్నాను.

పాయింట్లు ఉండే గిన్నెలాంటి దాని మూత తీసి, పాత ముక్కలు విప్పి, వాటి చోట తెల్లటి చిన్న కొక్కెంలాంటిది బిగించాడు.

"ఇటుపక్క దీపం ఉంటుంది బాబాయ్, మన కంటికి కనబడదు. అటుపక్క దాన్ని చూసే కన్ను. మధ్యలో ఈ చిల్లుల బిళ్ళ తిరుగుతుంది. వెలుతురు తగిలి తెగినప్పుడల్లా ఈ నల్ల డబ్బా నిప్పు పుట్టిస్తుంది. ఒకదాన్నొకటి తాకే పనే లేదు. అరగదు, మసి పట్టదు."

"దారిలో పాడైతే ఏం రుద్దాలిరా?"

"రుద్దడానికి ఏమీ ఉండదు. అదే కదా దీని గొప్ప!"

"పాయింట్లు చచ్చేముందు దగ్గుతాయి. మనకి తెలుస్తుంది. ఇది చెప్పి చస్తుందా?"

"చెప్పదు. అసలు చావదు." సుధాకర్ నవ్వాడు. "తాళి కట్టకముందే విడాకుల సంగతి అడుగుతావేంటి బాబాయ్?"

బాబాయి మాత్రం విప్పిన పాయింట్లని గుడ్డముక్కలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు.

స్టార్ట్ చేస్తే ఇంజను కుట్టుమిషనులా మెత్తగా తిరిగింది. అయినా బాబాయి ఊరుకోలేదు. ఆపి, మూత మళ్ళీ తీసి, ఆ తెల్ల ముక్కని అన్ని వైపుల నుంచీ చూసుకున్నాడు. అలాగే వదిలేసి సుధాకర్‌ని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్ళాడు.

అప్పుడు మామ్మ వచ్చింది, ఒక చేతిలో తడి పసుపు గిన్నె, ఇంకో చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని. ఆ ఇంట్లో మామ్మ చేతి బొట్టు లేని వస్తువు లేదు. మిక్సీకి, టీవీకి, బోరు మోటారుకి, గ్యాసు సిలిండరుకి కూడా ఉండేది. బానెట్‌కి పెట్టింది. స్టీరింగుకి పెట్టింది. తరవాత వంగి, కొత్తగా వచ్చింది ఇదే కదా అన్నట్టు, ఆ తెల్ల ముక్కకి కూడా పసుపు రాసి మీద కుంకుమ అద్దింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఏ కొత్త వస్తువుకైనా చేసేదే కాబట్టి నేను దాని గురించి మరి ఆలోచించలేదు. బాబాయి తిరిగొచ్చి, చీకటి పడుతోందని గబగబా మూత బిగించేశాడు.

మర్నాడు పొగమంచు బాగా పట్టింది. ఎదురిల్లు కూడా కనబడటం లేదు. బాబాయి అలవాటు ప్రకారం స్టార్ట్ చేసి విన్నాడు. బాగానే ఉంది. అలా బాగుండటమే నచ్చనట్టు చాలాసేపు నిలబడి ఆపేశాడు.

నేనూ వదినా నర్సరీలోకి వెళ్ళాం. లారీకి ఎక్కించాల్సిన క్రోటన్లు వరసలోంచి తీస్తున్నాం. వదిన ఒక కవరు ఎత్తి, "అమ్మో!" అని వదిలేసింది. కుక్కర్ కూత పెట్టినట్టు బుస వినబడింది. మట్టి రంగులో, గొలుసుల మచ్చలతో, లావుగా చుట్ట చుట్టుకుని ఉంది. రక్తపింజర. వదిన మణికట్టు దగ్గర రెండు ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. చూస్తుండగానే చెయ్యి వాయడం మొదలైంది.

నేను పరిగెత్తుకెళ్ళి బాబాయితో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆయన మొహం మాత్రం గుర్తుంది. నా మాట పూర్తికాకుండానే తాళం చెవి అందుకున్నాడు.

వెనక సీటులో వదిన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాలవ ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో తెలియకుండా అంతా తెల్లగా ఉంది. బాబాయి తల కిటికీలోంచి బయటపెట్టి నడుపుతున్నాడు.

"మాట్లాడించమ్మాయ్, మాట్లాడించు."

"వదినా, అన్నయ్య లారీ ఇప్పుడు ఎక్కడుంటుంది?"

"ఏమో... నాగపూర్..." అంది. ఆ మాట అంటుంటే పళ్ళ సందుల్లో నెత్తురు కనబడింది. నా పమిట చెంగుతో తుడిచాను. మళ్ళీ వచ్చింది. బాబాయికి చెబుదామని నోరు తెరిచి, ఆయన వీపు చూసి ఊరుకున్నాను. చలిలో చొక్కా అంతా చెమటతో అంటుకుపోయి ఉంది.

లాకులు వచ్చాయి. ఆయన రెండు చేతులూ స్టీరింగుని బిగించి పట్టుకున్నాయి. లాకులు దాటిపోయాయి. ఆయన గట్టిగా ఊపిరి వదలడం విన్నాను.

అప్పుడు ఆగింది. దగ్గలేదు, కుదపలేదు. శబ్దం ఉన్నట్టుండి తెగిపోయింది. కారు కొంచెం దూరం దొర్లి నిలిచిపోయాక కాలవలో నీళ్ళ చప్పుడు వినబడింది.

బాబాయి తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాడు. దిగి బానెట్ ఎత్తాడు. కాసేపటికి, "అమ్మాయ్, ఇలా రా. ఆ టార్చి తీసుకో," అన్నాడు.

వదిన తల కింద నా శాలువా మడిచిపెట్టి దిగాను.

మూత తీసి ఉంది. బాబాయి చేతిలో గరుకు కాగితం ఉంది. రుద్దడానికి అక్కడ ఏమీ లేదు.

"పాతవి బిగిస్తాను. డిక్కీలో ఉన్నాయి. టైమింగు చూసుకోవాలి... చాలాసేపు పడుతుందమ్మాయ్. చాలాసేపు పడుతుంది." కదలకుండా అక్కడే నిలబడి అదే మాట అంటున్నాడు.

నేను టార్చి వేశాను. తెల్ల ముక్క మీదనుంచి పచ్చగా ఒక చార కిందికి జారి ఉంది.

"బాబాయ్, లోపల పసుపు."

ఆయన వంగి చూశాడు. వేలుతో తాకి, ఆ వేలిని టార్చి వెలుతురులో పెట్టుకుని చూశాడు. మామ్మ రాసిన పసుపు రాత్రి మంచు తడికి కరిగి, ఇంజను వేడికి జారి, ఆ కన్నుని కప్పేసింది.

"అమ్మా..." అన్నాడు. కోపంగా అనలేదు. చిన్నపిల్లాడు పిలిచినట్టు అన్నాడు.

నేను చెంగు చివర అందించాను. అది నెత్తురుతో తడిసి ఉందని అప్పుడు చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచాడు. తన చొక్కా అంచుని సన్నగా మెలిపెట్టి, ఆ సందులో దూర్చి తుడిచాడు. ఊది మళ్ళీ తుడిచాడు. మూత బిగించాడు. నేను వెళ్ళి వదిన పక్కన కూర్చున్నాను. వదిన కళ్ళు మూసుకుని ఉంది.

ఆయన సీటులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది.

బాబాయి గేరు వెయ్యలేదు. తల ముందుకే పెట్టుకుని, మెడ బిగబట్టి కూర్చున్నాడు. నేను వదినని పిలుద్దామనుకున్నాను. ఒకవేళ పలకకపోతే అన్న భయం మా ఇద్దరికీ ఒకేసారి పట్టుకుంది. ఇంజను అలా తిరుగుతూనే ఉంది.

"ఏంటి బాబాయ్ గారూ," అంది వదిన, కళ్ళు తెరవకుండానే, నోట్లో నెత్తురుతో ముద్దముద్దగా. "పొగ... ఇక్కడ కూడానా..."

బాబాయి గేరు వేశాడు. కారు ముందుకి దూకింది.

ఆసుపత్రిలో వదినని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళారు. విరుగుడు మందు సెలైనులో ఎక్కించారు. ఒక గాజు గొట్టంలో వదిన నెత్తురు తీసి, గడ్డకడుతుందో లేదో మాటిమాటికీ వంచి చూస్తున్నారు. గడ్డకడితే విషం విరిగినట్టట. మొదట గడ్డకట్టలేదు. మధ్యాహ్నం కూడా కట్టలేదు. పొద్దువాటారుతుండగా నర్సు ఆ గొట్టం వంచి, అలాగే పట్టుకుని నాకు చూపించింది. అది జారలేదు.

బాబాయికి చెబుదామని బయటికి పరిగెత్తాను. మంచు ఎప్పుడో విడిపోయింది. వేపచెట్టు కింద ఫియట్ ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. వాచ్‌మన్ కిటికీ దగ్గర నిలబడి అరుస్తున్నాడు.

"పొద్దుటినుంచీ చెబుతున్నానండీ ఈయనకి! మధ్యలో డబ్బాతో పెట్రోలు కూడా తెప్పించి పోయించాడు గాని ఆపడే! పొగకి చచ్చిపోతున్నాం ఇక్కడ!"

బాబాయి ఆయన్ని చూడటం లేదు. నన్ను కూడా చూడటం లేదు. ముందు అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు.

"బాబాయ్, నెత్తురు గడ్డకట్టింది. ఇంక భయం లేదన్నారు."

"ఎవరన్నారు?"

"నర్సు గారు. డాక్టరు గారు కూడా వచ్చి చూశారు."

"పలుకుతోందా?"

"మంచినీళ్ళు అడిగింది."

తల ఊపాడు. తాళం మీద చెయ్యి పెట్టాడు గాని తిప్పలేదు. అలా చాలాసేపు ఉండి, చెయ్యి తీసేశాడు.

"నువ్వు ఆపమ్మాయ్," అన్నాడు.

నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. ఇంజను ఆగిపోయింది. బాబాయి తల వంచి ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు, రోజూ పొద్దున్నే ఇంజనుని విన్నట్టే.

"పసుపు సంగతి మా అమ్మతో చెప్పకు," అన్నాడు చివరికి. "బొట్టు బానెట్ మీద పెట్టుకోమంటాను."