పళ్ల డాక్టరు చీటీ

మా యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దున్నే నడిచేవాళ్లలో గుండె ఆపరేషన్ అయినవాళ్లకు ఒక హోదా ఉంది. వాళ్లు బెంచీ మీద కూర్చుంటే ప్రొఫెసర్లు కూడా నిలబడి వింటారు. మా క్వార్టర్స్‌లో కింది ఇంటాయనకు రెండేళ్ల క్రితం ఆ హోదా వచ్చింది. కోత ఆయనకు, పెత్తనం ఆయన భార్యకు. "మా డాక్టర్ సాబ్" అని ఆవిడ అనే తీరు చూస్తే ఆ డాక్టర్ని ఆవిడే చదివించిందనుకోవాలి.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. ఎవరికేం కావాలన్నా నన్నడగాలి. అలాంటిది, మా ఆయనకు గుండెలో వాల్వ్ పాడైందనీ, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందనీ, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించాల్సిందేననీ తేలిన రోజు, సాయంత్రానికల్లా ఆవిడ మా గుమ్మంలో నిలబడి నాకు దారి చెప్పింది.

"పరేషాన్ గాకక్కా. గుండె, లంగ్స్ రెండూ చేసే సర్జన్ గీడనే తార్నాకల ఉన్నడు. మా సారుకు చేసింది ఆయననే. ఫోన్ చెయ్యమంటవా?"

"అక్కర్లేదమ్మా, మేం చూసుకుంటాం."

"సరే. ముందుగాలైతే సారును పళ్ల డాక్టర్ దగ్గరికి తీస్కపో. గది మర్వకు."

తలుపు వేసి మా ఆయనతో అన్నాను: "విన్నారా? గుండె బాగోకపోతే పళ్లు చూపించాలట! రేపు కళ్లు కనబడకపోతే మోకాళ్లు చూపించమంటుంది."

ఆయన నవ్వలేదు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

ఆ తర్వాత మూడు వారాలు నేను సర్జన్ల కోసం ఊరంతా తిరిగాను, తార్నాక తప్ప. ఒకాయన రిపోర్టు మీంచి తలెత్తలేదు. ఒకాయన తలెత్తాడు గానీ నా ప్రశ్నలు విని మళ్లీ దించుకున్నాడు. ఊరికి ఆ చివరనున్న ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్లి వస్తుంటే, మెట్రో మెట్ల మీద మా ఆయన కూర్చుండిపోయారు. జనం పక్కనుంచి దిగిపోతున్నారు. నేను నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. కాసేపటికి ఆయన అడిగారు:

"నీకు డాక్టర్ కావాలా, ఆవిడ చెప్పని డాక్టర్ కావాలా?"

మర్నాడు కింది ఇంటికి తెలియకుండా తార్నాక సర్జన్ దగ్గరికి వెళ్లాం.

నాకు ఆయన నచ్చకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానో! లైబ్రరీలో నాలుగు పుస్తకాలు తిరగేసి, ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఆ మనిషి కాగితం మీద వాల్వ్ బొమ్మ గీసి, ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. తెలియనిదాన్ని తెలియదన్నాడు. చివరికి, "మిమ్మల్ని ఎవరు పంపించారమ్మా?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు. నేనే వెతుక్కున్నాను."

మా ఆయన గోడ వైపు చూశారు.

"వచ్చే గురువారం చేసేద్దాం. పళ్లు చూపించారా?"

నేను ప్రశ్నల కాగితం మడిచేశాను.

"చిగుళ్లలో చీముంటే ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌కు పట్టుకుంటాయి. డెంటిస్ట్ రాసిస్తేగానీ నేను తేదీ ఇవ్వను. గురువారం పోతే మళ్లీ ఎప్పుడో."

మా ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి బల్ల మీద పెట్టారు. హబ్సిగూడ డెంటిస్ట్ ఇచ్చింది. పది రోజుల క్రితం ఒక పన్ను పీకించుకున్నారు! అప్పుడు రెండు రోజులు ఒట్టి పెరుగన్నం తింటే, బెంగతో అనుకున్నాను.

ఆటోలో అడిగాను. "ఎవరితో వెళ్లారు?"

"కింది ఇంటాయనతో."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే వెళ్లనిచ్చేదానివా?"

నా మొగుడి పన్ను ఊడిన సంగతి ఆ ఇంటికి తెలుసు, నాకు తెలియదు. గురువారం తేదీ దొరికిందన్న సంతోషం కూడా ఆ మంటలోనే పడి కాలిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఐసీయూలోకి పూటకు ఒక్కరినే పంపుతామన్నారు. పొద్దున పాసు తీసుకుని నేను వెళ్లాను. ఆయన రొమ్ము మీది కట్టు వైపు చూపించి, నా కళ్లలోకి చూశారు. అంత భయం ఆయనలో ఎన్నడూ చూడలేదు. "అంతా బాగుంది, డాక్టర్ చెప్పాడు" అన్నాను. మొహం తిప్పుకున్నారు.

సాయంత్రానికి కింది ఇంటి మొగుడూ పెళ్లాం డబ్బాతో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అక్కా, మా సారు ఒక్కసారి చూసొస్తడా?"

"ఒక్కరికే పాసు" అన్నాను, గుప్పిట బిగించి.

కింది ఇంటాయన మెల్లగా అన్నాడు: "మేడమ్, ఆ దినం పళ్ల డాక్టర్ కాడ కూసున్నప్పుడు సారు నన్ను అంగీ గుండీలు ఇప్పమన్నడు. కుట్లు చూసిండు. ఏలుతోని తాకి, 'మీరు నడుస్తున్నారు కదా' అన్నడు. ఇంకేం అడగలే."

నేను నాలుగు పుస్తకాలు చదివాను. వాటిలో ఏదీ మా ఆయన వేలితో తాకి చూడగలిగింది కాదు. పాసు కింది ఇంటాయన చేతిలో పెట్టాను.

అద్దంలోంచి చూస్తున్నాను. కింది ఇంటాయన మంచం పక్కన నిలబడి పై గుండీలు రెండు విప్పాడు. ఏదో అన్నాడు. మా ఆయన నవ్వబోయి, నొప్పికి ఆగి, మళ్లీ నవ్వారు. పొద్దున నాకు దక్కని నవ్వు.

"తినక్కా, పొద్దుగాల్నుంచి నువ్వేం తినలే" అంటూ ఆవిడ డబ్బా మూత తీసింది.

అన్నం, పచ్చిపులుసు. ఆకలితో రెండుసార్లు పెట్టించుకున్నాను. చాలా బాగుంది. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.