మేం గూడ గంతే

విమానాశ్రయం వచ్చిన కొత్తలో శంషాబాద్‌లో ప్లాట్లమ్మే దూరపు బావమరిది ఒకడు నాకుండేవాడు. ఎదుటివాడు ఏం చెప్పినా రెండు చేతులూ జోడించి "మేం గూడ గంతే" అనేవాడు. ఉపవాసమున్నవాడి దగ్గర ఉపవాసం, బిర్యానీ తినేవాడి దగ్గర బిర్యానీ. వాడికంటూ సొంత ఆకలి కూడా లేదు. నెత్తిమీద విమానం ఉరిమినా అదే మాట అని ఉంటాడు.

పక్కనున్న మంఖాల్ ఊళ్ళో ఒక ప్లాటు అంటగట్టడానికి నెలల తరబడి ఒక జైన సేఠ్ చుట్టూ తిరిగాడు. ఆ సేఠ్ కొనేముందు దర్శనం చేసుకోవాలంటూ వాణ్ణీ, తోడుగా వెళ్ళిన నన్నూ తమ తీర్థక్షేత్రానికి తీసుకుపోయాడు. లోపలికి తోలు వస్తువులు రానివ్వరు కాబట్టి గుమ్మం దగ్గరే వాడి బెల్టు విప్పించారు. ఆరాంఘర్ చౌరస్తాను ఒక చుట్టు చుట్టగల బెల్టు అది. పాపం, ప్యాంటు రెండు చేతులతో పట్టుకుని లోపలికొచ్చాడు.

దిగంబర మూర్తి ముందు సేఠ్ కళ్ళు మూసుకుని, "మా స్వామి అన్నీ వదిలేసిండు భాయ్, ఒంటిమీది బట్టలు గూడ" అన్నాడు.

"మేం గూడ గంతే సేఠ్!" అంటూ వీడు చేతులు జోడించాడు.

ప్యాంటు జారింది. వాడి నోట నేను విన్న నిజం అదొక్కటే.

సేఠ్ కళ్ళు తెరిచి వాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"అయితే ఇగ ప్లాటు ముచ్చట గూడ వదిలెయ్ భాయ్."