బతికిన బిడ్డకు చెల్లని బాప్తిస్మం

ఆ సంఘంలో ఆడమనిషి పాస్టరమ్మ కావాలంటే ఒక్కటే దారి, పాస్టరును కట్టుకోవడం. మన నర్సమ్మ ఆ దారి పట్టలేదు. పురిటి ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూనే వేదాంత కళాశాలలో చదివింది. ఇప్పటి పాస్టరుగారు అప్పట్లో ఆమెను అక్కా అక్కా అంటూ నోట్సు అడుక్కున్న మనిషే. ఆయనకు చదువు కాగానే అభిషేకం చేసి గౌను తొడిగారు. ఈమె తననూ పాస్టరుగా అభిషేకించమని అర్జీ పెట్టినప్పుడల్లా సంఘ పెద్దలు “ప్రార్థన చేద్దాం అమ్మా” అంటారు. ఏళ్ళ తరబడి చేస్తూనే ఉన్నారు, మహానుభావులు.

అయితే దయతలచి ఒక వెసులుబాటు ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టి, గాజుపెట్టెలో ఊపిరికి కొట్టుకులాడే బిడ్డ దక్కదనిపిస్తే, పాస్టరుగారు వచ్చేలోగా ఆమే బాప్తిస్మం ఇవ్వొచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, గోరంత నుదుటి మీద అద్దేది. “నీ బిడ్డ ప్రభువు బిడ్డే” అని తల్లి చెయ్యి పట్టుకుని చెప్పేది. పోయిన పసికందులను పాస్టరుగారు సంఘపు బిడ్డలుగానే పాతిపెట్టేవారు. అప్పుడు ఆడదాని చెయ్యి ఎవరికీ అడ్డు రాలేదు. పెద్దలు కూడా వచ్చి తలలు వంచుకుని నిలబడేవారు.

ఈసారి ఆమె బాప్తిస్మం ఇచ్చిన బిడ్డ బతికింది. బతకడమే కాదు, బుగ్గలు పూరించుకుని తల్లి చంకెక్కి గుడికొచ్చింది. వచ్చే ఆదివారం దీనికి బాప్తిస్మం ఇస్తామని పాస్టరుగారు ప్రకటించారు. ఆరాధన కాగానే నర్సమ్మ ఆయన గదికి వెళ్ళింది.

“నేనిచ్చేశాను కదండీ.”

“అది అత్యవసరానికమ్మా. బతికాక పద్ధతిగా మళ్ళీ ఇవ్వాలి.”

“అంటే, నేనిచ్చింది చెల్లాలంటే బిడ్డ పోవాలా?”

“అలా పెడర్థాలు తీయకు. నీకు అభిషేకం లేదు, అంతే.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అభిషేకం ఇవ్వనిదీ వాళ్ళే, లేదని ఎత్తిపొడిచేదీ వాళ్ళే. తన సంగతి అటుంచితే, ఇన్నాళ్ళూ ఏడుస్తున్న తల్లులకు తాను చెప్పిన మాటంతా ఇప్పుడు అబద్ధమైపోతుంది. జరిగిందంతా వెళ్ళి ఆ బిడ్డ తల్లికి చెప్పింది.

ఆదివారం వచ్చింది. బాప్తిస్మపు తొట్టి దగ్గర పాస్టరుగారు బిడ్డ కోసం చేతులు చాచారు. తల్లి ఇవ్వలేదు. ఆమె గొంతు పెంచకపోయినా గుడంతా వినిపించింది.

“దీని ముందు పుట్టినదానికీ నర్సమ్మే ఇచ్చింది గదండీ. అది పోతే మీరే పాతిపెట్టారు. ప్రభువు ఒళ్ళో ఉందని మీరే అన్నారు. దీనికిచ్చింది చెల్లదంటే, అదిప్పుడు ఎక్కడుందో చెప్పి దీన్ని తీసుకోండి.”

పాస్టరుగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు పాటల పుస్తకాల్లోకి చూసుకున్నారు. ఆయన గొంతు సవరించుకుని, కీర్తన పాడదామన్నారు. హార్మోనియం మొదలైంది, జనం లేచారు.

నర్సమ్మ ఆడవాళ్ళ వరసలోంచి నడిచి వెళ్ళి ఆ తల్లి పక్కన నిలబడింది.

“ఆపండి,” అంది. “జవాబు చెప్పాక పాడదాం.”