ఇది వీడొక్కడికేనా

మా అల్లుడు స్ట్రూవన్ మూడేళ్ళ వయసు నుంచీ డండీ పట్నంలోని ఒక పిల్లల హోమ్‌లో పెరిగాడు. అక్కడ పుట్టినరోజులు విడివిడిగా చేసేవారు కాదు. ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒకటే కేకు. పెద్దవాడికి బిగుతైన బూట్లు చిన్నవాడికి. పెళ్ళికి ముందు ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు, మేమూ నవ్వేవాళ్ళం.

మా అమ్మాయి కిర్‌స్టెన్ నెల తప్పిందని తెలిసినప్పుడు అతని సంబరం చూడాలి. ఇళ్ళకప్పుల పని నుంచి రాగానే చేతులైనా కడుక్కోకుండా చిన్న గదికి రంగులు వేసేవాడు. తీరా బాబు లాక్లన్ పుట్టాక మనిషి మారిపోయాడు.

నేను అల్లిన శాలువాలో చుట్టి బాబును అందిస్తే బాబు వైపు చూడలేదు. శాలువా అంచు వేళ్ళతో నలుపుతూ, "ఇది వీడొక్కడికేనా అత్తయ్యా?" అన్నాడు. వేళాకోళమనుకుని నీకూ ఒకటి అల్లుతాలే అన్నాను. అతను నవ్వలేదు.

కిర్‌స్టెన్ జోలపాట మొదలుపెడితే లేచి పెరట్లోకి పోయేవాడు. ఎవరైనా బొమ్మ తెస్తే, ఎన్ని బొమ్మలు కావాలి వీడికి అని సణిగేవాడు. ఓసారి కిర్‌స్టెన్ విసిగిపోయింది.

"నెలల పిల్లాడితో వంతులేంటి నీకు?"

"వాడు కుయ్యిమంటే ముగ్గురం పరిగెత్తుతున్నాం. ఒక్కడికి ఇంతమందా?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం కిర్‌స్టెన్ పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నేను వచ్చేదాకా బాబు దగ్గర అతను ఉండాలి. నేనెక్కిన అర్‌బ్రోత్ బస్సు ఆలస్యమైంది. నేను తలుపు తీసేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. స్ట్రూవన్ బాబు గది బయట, మూసిన తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ముఖమంతా తడి.

"ఏడ్చాడు. నేను వెళ్ళలేదు" అన్నాడు. "ఎంతసేపు ఏడుస్తాడో చూద్దామనిపించింది. మానేశాడు అత్తయ్యా. నేనూ ఇలాగే మానేసేవాణ్ణి, ఎవరూ రారని తెలిశాక."

అతన్ని దాటుకుని లోపలికి పరిగెత్తాను. బాబు కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, వెక్కుతున్నాడు. నేను ఎత్తుకున్నాను. స్ట్రూవన్ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

సాయంత్రం జరిగింది జరిగినట్టు భార్యకు తనే చెప్పాడు. ఆమె బిడ్డను తీసుకుని మా ఇంటికి వచ్చేసింది.

చలికాలమంతా స్ట్రూవన్ పని అవగానే వచ్చి మా వంటింట్లో కూర్చునేవాడు. బాబును ఎత్తుకుంటానని మాత్రం అడిగేవాడు కాదు. పళ్ళు వచ్చేటప్పుడు లాక్లన్‌కి జ్వరం తగిలి ఒకటే ఏడుపు. ఎత్తుకుని తిప్పీ తిప్పీ కిర్‌స్టెన్ చేతులు పడిపోయాయి. అప్పుడు లేచాడు.

"నాకివ్వు."

ఆమె చాలాసేపు అతని ముఖంలోకి చూసి ఇచ్చింది. సున్నం మరకల కోటు మీదే బాబును భుజానేసుకుని, వాడు నిద్రపోయేదాకా బల్ల చుట్టూ తిరిగాడు. ఆ వారమే ఆమె బాబుతో తన ఇంటికి, అతని దగ్గరికి వెళ్ళిపోయింది.

లాక్లన్ ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. స్ట్రూవన్ కుళ్ళు పోయిందని చెప్పను. నేను మనవడి కోటు గుండీలు పెడుతుంటే అతని చూపు నా వేళ్ళ మీదే ఉంటుంది. మొన్న వాడు చేప ముక్క వద్దని కంచం తోసేశాడు.

"అమ్మమ్మ నీకోసమని వండితే వద్దంటావా? నీకేం తెలుసురా" అని కసిరి, కంచం తన వైపు లాక్కుని అంతా తినేశాడు. తర్వాత లేచి, గొణుక్కుంటూనే, వాడికి రొట్టె కాల్చి వెన్న రాసి పెట్టాడు.